వాట్సన్ సాక్ష్యం

పొద్దున్నుంచీ ముసురు. హన్మకొండ చౌరస్తాలో ఆటో ఎక్కేసరికే ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. ఫైళ్ల సంచికి మాత్రం కవరు చుట్టిన. గుమస్తా తడిసినా నడుస్తది గాని కట్ట తడవద్దు. తీరా కోర్టుకు పోతే జడ్జిగారు సెలవు. కేసులన్నీ వాయిదా. కమలాపూర్ నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయన "మల్ల వాయిదేనా బిడ్డా?" అన్నడు. ఆయనకు చాయ్ తాపిచ్చి, తేదీ చీటీ మీద రాసిచ్చి పంపిన.

మా వకీలు సారు రాలేదు. వరండాల బల్ల మీద కూసుని సంచిలోంచి షెర్లాక్ హోమ్స్ పుస్తకం తీసిన.

నాకు ముందునుంచీ డిటెక్టివ్ హోమ్స్ కంటె, ఆ కథలు మనకు చెప్పే ఆయన దోస్తు వాట్సన్ మీదనే మనసు. 1939 నుంచి వచ్చిన హాలీవుడ్ సినిమాలు ఆయన్ని నోరెళ్లబెట్టే ముసలాయనను చేసినయి, అది అన్యాయం. కథల్లో ఆయన 1878లో లండన్ యూనివర్సిటీ ఎం.డి. పట్టా తీసుకున్న మిలిటరీ డాక్టర్. 1880లో అఫ్గానిస్తాన్‌ల మైవంద్ యుద్ధంలో తూటా తగిలి, పెషావర్ ఆస్పత్రిల టైఫాయిడ్ పడి, చావు తప్పి లండన్ చేరినోడు. కిరాయి ఒక్కడే కట్టలేక హోమ్స్‌తో గది పంచుకుంటడు.

అయితే సాక్షిగా బోనెక్కిస్తే మా సారు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉతికి ఆరేస్తడు. మొదటి పుస్తకంల తూటా భుజానికి తగిలిందంటడు, రెండో దాంట్ల కాలికంటడు. పేరు జాన్, కానీ ఒక కథల సొంత భార్య జేమ్స్ అని పిలుస్తది! అయినా ఆ సాక్ష్యం కొట్టేయబుద్ధి కాదు. తనకు అర్థంకాని సంగతిని కూడా దాచిపెట్టకుండ రాస్తడు గనుక.

ఇయ్యాల చదివింది బాస్కర్‌విల్ జాగిలం కథ. హోమ్స్ లండన్‌ల పనుందని చెప్పి వాట్సన్‌ను ఒక్కణ్నే డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతానికి పంపుతడు. ఈయన చూసింది, విన్నది అంతా రిపోర్టులు రాసి పంపుతనే ఉంటడు. ఆ బీడుల ఎవడో దాక్కున్నడని తెలిసి, రివాల్వర్ జేబుల పెట్టుకుని వాని రాతిగుడిసెల కాపు కాస్తడు. తీరా వచ్చేది హోమ్స్! అన్ని రోజులూ అక్కడనే ఉన్నడట. నన్ను నమ్మకుండనే వాడుకున్నవా అని వాట్సన్ బాధపడతడు. అప్పుడు హోమ్స్ జేబులోంచి ఆ రిపోర్టులు తీస్తడు, మళ్లమళ్ల తిప్పి చదివి నలిగినయి. గా కాగితాల కాడ కొంచెంసేపు ఆగిపోయిన. మా సారు కూడా నేను తెచ్చిన నకళ్లు చూసి "మంచిది" అని అననే అనడు. కానీ వాదన రోజు చూస్తే ప్రతి పేజీ పక్కన పెన్సిల్ గీతలుంటయి.

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ వెంట అసిస్టెంట్ రాజు ఉంటడు, నాకు ఇష్టమే. కానీ కథ చెప్పేది రాజు కాదు. వాట్సన్ అట్ల కాదు, రికార్డంతా ఆయన చేతిలనే. పాఠాలుగ రాయాల్సినవి కథలు చేసి చెడగొట్టినవని హోమ్స్ ఎన్నిసార్లు దెప్పిండో! చివరికి 1926లో వచ్చిన ఒక కథ తనే రాయాల్సివస్తే, చదివేటోనికి ఆసక్తి పుట్టేటట్టు చెప్పక తప్పదని ఒప్పుకున్నడు. ఆ కథ నాకు చప్పగనే ఉంటది, నిజం చెప్పాలంటే.

మూడింటికి సారు ఫోన్. "ఏమయ్యా, వాయిదాలు రాసుకున్నవా?" ఆఫీసుకు పోయి డైరీల తేదీలు ఎక్కించి, కొత్త దావా కాగితాలకు దబ్బనంతో మూలకు బెజ్జం పెట్టి, దారం గుచ్చి ముడేసిన. రేపు పరకాల కోర్టు. ఆ భూమి కేసు కట్టల పాత పహాణీలు కొన్ని తక్కువున్నయి, పొద్దుగాల్నే తహసీల్ ఆఫీసుకు పోవాలె.