లెక్క చూపించిన అపొస్తలుడు

"గొప్ప ఐశ్వర్యముకంటె మంచి పేరును, వెండి బంగారములకంటె దయయు కోరదగినవి" (సామెతలు 22:1). ఈ వాక్యం సండే స్కూల్లోనే కంఠతా పట్టినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కానీ పదిమంది డబ్బు మన చేతిలోకి వచ్చినప్పుడు ఆ మంచి పేరును ఎలా నిలబెట్టుకోవాలి? ఎవరైనా అడిగితే నేను 2 కొరింథీయులకు, అంటే కొరింథు సంఘానికి పౌలు రాసిన రెండో పత్రికలో, 8వ అధ్యాయం చదవమంటాను.

యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం అపొస్తలుడైన పౌలు చందా పోగుచేస్తున్నాడు. మాసిదోనియ సంఘాలు బీదరికంలో ఉండి కూడా శక్తికి మించి ఇచ్చాయి. కొరింథువాళ్లకైతే, తాను వచ్చాక హడావిడి పడకుండా, ప్రతి ఆదివారం ఎవరికి వారే కొంత తీసి పక్కన పెట్టమని ముందే రాశాడు. ఇక ఆ సొమ్మును యెరూషలేముకు చేర్చాలి. ఓడల మీదా కాలినడకనా వెళ్లాలి, దారిలో దొంగల భయం. అపొస్తలుడే స్వయంగా తీసుకెళ్తానంటే కాదనేవారెవరు?

ఆయన అలా చెయ్యలేదు. మీకు నమ్మకమైనవాళ్లను మీరే ఎన్నుకోండి, వాళ్ల చేతే పంపిస్తాను, అవసరమైతే నేనూ వాళ్లతో వెళ్తాను అన్నాడు (1 కొరింథీ 16:3-4). తన జతపనివాడైన తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను కొరింథుకు పంపాడు. వారిలో ఒకరిని ఈ పని కోసం సంఘాలే ఏర్పరచుకున్నాయి. ఇంత పెద్ద మొత్తం విషయంలో మా మీద ఎవరూ తప్పు మోపకూడదు, ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలి అని కారణం కూడా దాచకుండా చెప్పాడు (2 కొరింథీ 8:20-21).

ఆ కొరింథులోనే పౌలు మీద అనుమానాలున్నాయి. తంత్రంతో మమ్మల్ని పట్టుకున్నాడని అనుకుంటారేమోనని ఆయనే రాశాడు (2 కొరింథీ 12:16). అయినా "నన్నే అనుమానిస్తారా" అని కోప్పడి ఊరుకోలేదు. అనుమానానికి చోటు లేకుండా ఏర్పాటు చేశాడు.

మన దగ్గర జరిగేది చాలాసార్లు దీనికి విరుద్ధం. కట్టడం ఫండ్ ఎంత వచ్చిందని ఎవరైనా అడిగితే, దైవజనుడినే లెక్క అడుగుతావా అని నోరు మూయిస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆరాధన అయ్యాక కానుకల సంచి టేబుల్ మీద బోర్లించి, ఇద్దరు పెద్దలు కూర్చుని నలిగిన పది రూపాయల నోట్లను సాపు చేసి, చిల్లర కుప్పలు పెట్టి, రిజిస్టర్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టే సంఘాలూ ఉన్నాయి. ఆ పది రూపాయలు కూలికెళ్లిన అక్క కొంగుముడిలోంచి వచ్చి ఉండొచ్చు. ఆమె అడగకపోయినా లెక్క చెప్పడం మన బాధ్యత. ట్రెజరర్ ఎంత మంచివాడైనా సరే, ఒక్కడి చేతిలో సంచి పెట్టి అతన్ని శోధనలోకీ నిందలోకీ నెట్టకూడదు.

దేవుడు చూస్తున్నాడు, అది చాలు అనేవారున్నారు. ఆ మాట నిజంగా నమ్మినవాడు లెక్కల పుస్తకం తెరవడానికి భయపడడు. అలాగని పేరు కోసమే బతికినా ప్రమాదమే. సార్దీస్ సంఘానికి బతికి ఉందన్న పేరుంది, కానీ ప్రభువు దాన్ని మృతమైనదన్నాడు (ప్రకటన 3:1).

ఇంత జాగ్రత్తపడినా పౌలుకు నింద తప్పలేదు. యెరూషలేములో పట్టుబడి కైసరయలో ఖైదీ అయ్యాడు. తన జనానికి దానద్రవ్యం తెచ్చానని రోమా అధిపతి ఫేలిక్సు ముందు చెప్పాడు. ఆ తర్వాత ఫేలిక్సు ఆయన దగ్గర డబ్బు వస్తుందని ఆశపడి మాటిమాటికీ పిలిపించుకుని మాట్లాడేవాడు (అపొ. కా. 24:26). పౌలు లంచంతో బయటపడలేదు. రెండేళ్లు గడిచి కొత్త అధిపతి ఫేస్తు వచ్చేనాటికీ ఆయన ఇంకా బంధకాల్లోనే ఉన్నాడు.