మూడో అర్జీకి వదిలిన లింకుల పీడ: నా అనుభవం

నిన్న ఉదయం ఆవకాయలోకి మెంతులు వేయిస్తుండగా గూగుల్ నుంచి మెయిలు వచ్చింది. మా వెబ్‌సైటు మీద పెట్టిన మాన్యువల్ యాక్షన్‌ను, అంటే గూగుల్ మనుషులు చూసి వేసిన శిక్షను, ఎత్తివేశామని అందులో ఉంది. ఆ రెండు వాక్యాలను నాలుగుసార్లు చదివేలోపు మెంతులు మాడిపోయాయి. మామూలుగా అయితే మాడిన మెంతులకు రోజంతా బాధపడే మనిషిని; నిన్న మాత్రం పారబోసి కొత్తవి వేయించుకున్నాను. ఐదు నెలల పాటు నన్ను తిప్పలు పెట్టిన ఈ వ్యవహారం మనసులో పచ్చిగా ఉండగానే రాసిపెట్టాలని కూర్చున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనుక షెడ్డులో పచ్చళ్ళు, కారప్పొడులు చేసి అమ్మడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను, డొమైను (సైటు పేరు), హోస్టింగు (సైటును ఉంచే చోటు), సైటు తయారీ వీటిలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో సొంతదారులకు చూపే సెర్చ్ కన్సోల్‌లో సైటు మనదేనని రుజువు చేసుకోవడానికి, డొమైను వివరాలుండే డీఎన్‌ఎస్‌లో ఒక వరుస చేర్చాలి, అది పది నిమిషాల పని. సైటులోని పేజీల జాబితాను, అంటే సైట్‌మ్యాపును, పంపడానికి అంతసేపు కూడా పట్టదు. గూగుల్ మ్యాప్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైలుకు పైసా ఖర్చు లేదు, ఊళ్ళో వారికి మనం కనిపించడానికి అంతకు మించిన దారి నాకు తెలియదు.

నిరుటి సంక్రాంతి తరువాత విజయవాడలోని ఒక సంస్థ వారు ఫోను చేసి, "గుంటూరు కారం" అని ఎవరు వెతికినా మా సైటు మొదటి పేజీలో వచ్చేలా చేస్తామని హామీ ఇచ్చారు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సూచనల్లోనే రాసి పెట్టుకుంది. నేను దాన్ని ఆ తరువాత చదివాను. ఆరు నెలల ప్యాకేజీ, నెలకు పన్నెండు వేలు, వేరే సైట్ల నుంచి మా సైటుకు నెలకు యాభై లింకులు. నెలనెలా ఒక రంగుల నివేదిక వచ్చేది. అందులో ప్రతి లింకు పక్కన డొమైన్ అథారిటీ అని నూటికి ఇన్ని అంటూ ఒక అంకె ఉండేది. ఆ అంకె మోజ్ అనే ప్రైవేటు కంపెనీ తన లెక్క ప్రకారం వేసేదని, గూగుల్ ర్యాంకులకు దాన్ని వాడదని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

లింకులకు ఇంత గిరాకీ ఎందుకో తెలుసుకోకుండా డబ్బు కట్టడం నా మొదటి తప్పు. పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి గురించి నలుగురినీ విచారిస్తాం కదా. చెప్పేవారి సంఖ్యతో పాటు వారి పరపతిని కూడా చూస్తాం. స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించినప్పుడు దానికి పునాదిగా ఉన్న పేజ్‌ర్యాంక్ లెక్క దాదాపు ఇదే. మంచి పేరున్న పేజీలు నీకు లింకు ఇస్తే నీ మాటకు విలువ పెరుగుతుంది. సాక్షులకు డబ్బిచ్చి చెప్పించేవారు అప్పటి నుంచే ఉన్నారు. అలాంటి లింకులతో పైకొచ్చిన సైట్లను కిందికి దించడానికి 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది, 2016లో దాన్ని తన ప్రధాన లెక్కలోనే కలిపేసింది. అది యంత్రం చేసే పని. నాకు పడిన మాన్యువల్ యాక్షన్ వేరు. మనుషులు సైటును పరిశీలించి, తప్పు జరిగిందని తేల్చి వేసే శిక్ష అది. దాన్ని ఎత్తివేయించుకోవాలంటే తప్పు దిద్దుకుని, అర్జీ పెట్టి వారిని ఒప్పించాలి.

మిర్చి యార్డులో టిక్కీ (మిరపకాయల బస్తా) విప్పించి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగున తాలుకాయ ఉందో లేదో చూడకుండా నేను సరుకు కొన్నది లేదు. పైన ఎర్రగా నిగనిగలాడే కాయ పోసి కింద తెల్లబారిన తాలు కలిపిన దళారులను చాలామందిని చూశాను, ఇద్దరిని నలుగురిలో నిలదీశాను కూడా. అలాంటి నేను ఆరు నెలల పాటు ఒక్క లింకునైనా నొక్కి చూడలేదు.

శ్రావణ మాసంలో సెర్చ్ కన్సోల్‌లో నోటీసు కనిపించింది, "మీ సైటుకు వచ్చే అసహజ లింకులు" అని. మరుసటి వారానికే బయటి ఊళ్ళ నుంచి వచ్చే ఆర్డర్లు సగానికి పడిపోయాయి. లింకుల నివేదికను దించుకుని ఒక్కొక్కటీ తెరిచి చూస్తే, పైకప్పుల మరమ్మతుల వారి సైటులో ఒకటి, జూదపు సైటులో ఒకటి, ఏ భాషో తెలియని వార్తల సైటులో ఒకటి, ఎవరో వదిలేసిన పాత డొమైను మీద కట్టిన నకిలీ పత్రికలో ఇంకొకటి. అన్నిటిలోనూ ఒకే మాట, "గుంటూరు కారం ఆన్‌లైన్‌లో కొనండి". రెండు వందల సైట్ల వారు అక్షరం తేడా లేకుండా ఒకే వాక్యం రాశారంటే చంటిపిల్లలు కూడా నమ్మరు.

విజయవాడ వెళ్ళాము. అక్కడ జరిగినది నేను మరిచిపోలేను. సైటు నాది, డబ్బు వెళ్ళింది నా ఖాతాలోంచి, బిల్లు మీద ఉన్నది నా పేరు. మా వారు కారు నడపడానికి తోడుగా వచ్చారు, అంతే. బల్లకు అవతల కూర్చున్న అబ్బాయి నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ మా వారి వైపు తిరిగి సమాధానం చెప్పాడు. "ఈ లింకులు ఎక్కడ కొన్నారు?" అని నేను అడిగాను. "సార్, అవి మా వెండర్లు పెట్టేవండి, మేము పెట్టేవి కాదు," అని ఆయనతో అన్నాడు. "ఆ వెండర్ల జాబితా ఇవ్వండి, తీయించమని నేనే అడుగుతాను," అన్నాను. "అది కాన్ఫిడెన్షియల్ సార్. మేడమ్‌కి ఈ టెక్నికల్ విషయాలు అర్థం కావు లెండి, మీరు తర్వాత ఒకసారి ఫోన్ చేయండి," అన్నాడు. మా వారు పాపం, "అబ్బాయ్, నాకసలు ఏమీ తెలియదు, ఆవిడనే అడుగు," అన్నారు. అయినా వాడు నా వైపు తిరగలేదు. చివరకు గోడ మీది గ్రాఫు చూపించి, లింకులు తీయించడానికి వేరే ప్యాకేజీ ఉందని, పెట్టిన దానికంటే కాస్త ఎక్కువ అవుతుందని చెప్పాడు. ఊడ్చి శుభ్రం చేస్తానని చెత్త పోసినవాడే కూలి అడగడం నేను అదే మొదటిసారి చూశాను. మంగళగిరి దాటేవరకు నేను నోరు విప్పలేదు.

హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా అక్క కొడుకు సాయపడ్డాడు. "ఏం కంగారు లేదు పిన్నీ, డిసావో ఫైలు పెట్టేస్తే అయిపోతుంది," అన్నాడు. ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు మనం ఇచ్చే జాబితా అది. 2012 నుంచి ఈ సదుపాయం ఉంది. మామూలు టెక్స్ట్ ఫైలులో వరుసకు ఒక సైటు చొప్పున రాయాలి. సైటు మొత్తాన్ని వద్దనాలంటే పేరు ముందు డొమైన్ అనే మాట, కోలన్ గుర్తు పెట్టాలి. ఎక్సెల్ ఫైలు పనికిరాదు. అన్నిటికంటే నన్ను తికమక పెట్టినది, మనం డీఎన్‌ఎస్ ద్వారా రుజువు చేసుకున్న డొమైను ప్రాపర్టీ (సెర్చ్ కన్సోల్‌లో మన సైటు నమోదు) ఆ డిసావో పనిముట్టులో కనిపించకపోవడం. పూర్తి చిరునామాతో యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీని విడిగా చేర్చుకుంటేనే అది పనిచేస్తుంది. ఇది తెలియక ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. ఇంకొకటి, రెండోసారి ఫైలు పెడితే మొదటిది చెరిగిపోతుంది కాబట్టి కొత్తదానిలో పాతవన్నీ మళ్ళీ ఉండాలి.

వినాయక చవితికి ముందు మొదటి అర్జీ పెట్టాము. మూడు వారాలకు తిరస్కరించారు. కారణం వెతికితే గూగుల్ సహాయ పేజీలోనే ఉంది. లింకులను తీయించే ప్రయత్నం చేయకుండా ఊరికే అన్నిటినీ డిసావో చేస్తే దాన్ని చిత్తశుద్ధిగా పరిగణించరు. మా వాడు ఆ పేజీ చదవలేదు. నేను వాణ్ణి ఏమీ అనలేదు, వాళ్ళమ్మతో మాత్రం అన్నాను.

అప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుని రోజూ రాత్రి పది దాటాక వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. పసుపు మరకల వేళ్ళతోనే ఒక పట్టిక తయారు చేశాను. సైటు పేరు, మెయిలు పంపిన తేదీ, రెండోసారి పంపిన తేదీ, వచ్చిన జవాబు, తీశారా లేదా. రెండు వందల పద్నాలుగు సైట్లకు రాస్తే నలభై ఒక్కరు తీశారు. తొమ్మిదిమంది తీయడానికి డబ్బు అడిగారు. నేను ఇవ్వలేదు, అడిగిన మెయిలునే పట్టికకు జత చేశాను. మీకు ఈ అవస్థ వస్తే మీరూ ఇవ్వకండి. మిగిలినవారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అటువంటి వాటినే డిసావో ఫైలులో ఉంచాను.

దసరా నాడు రెండో అర్జీ పెట్టాను, విజయదశమికి మొదలుపెట్టిన పని ఆగదన్న నమ్మకంతో. కార్తీకంలో అదీ తిరిగి వచ్చింది. ఉదాహరణగా మూడు లింకులు ఇచ్చారు. తెరిచి చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ మూడూ ఆ సంస్థ పెట్టించినవి కావు. వంటల గురించి రాసే ముగ్గురు అమ్మాయిలకు నేను స్వయంగా గోంగూర పచ్చడి, నల్లకారం పొట్లాలు పంపి, "బాగుందని రాసి మా సైటు లింకు పెట్టమ్మా," అని అడిగి పెట్టించుకున్నవి. ముగ్గురూ నిజంగానే మెచ్చుకున్నారు. మా గోంగూర తిని మెచ్చుకోని మనిషిని నేను చూడలేదు, అది వేరే సంగతి. కానీ వస్తువు ఇచ్చి, దానికి బదులుగా లింకు పెట్టించుకోవడం కూడా కొనడమేనని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అలా పెట్టే లింకుకు స్పాన్సర్డ్ అనో, నోఫాలో అనో గుర్తు ఉండాలి. నోఫాలో 2005 నుంచి, స్పాన్సర్డ్ 2019 నుంచి ఉన్నాయి. ఆ గుర్తు ఉంటే దాన్ని ప్రకటనగా చూస్తారు, తప్పు పట్టరు.

విజయవాడ అబ్బాయి మీద ఇన్నాళ్ళుగా దాచుకున్న కోపం కాస్తా నా మీదికే తిరిగింది. రెండో అర్జీలో "నాకు తెలియకుండా ఒక సంస్థ చేసిన పని" అని రాశాను. అది నిజమే, కాకపోతే సగం నిజం. చూసేవారికి రెండో సగం కనిపిస్తూనే ఉంది.

ఆ ముగ్గురికీ ఉత్తరాలు రాయడం జూదపు సైట్ల వారికి రాయడం కంటే కష్టమైంది. ఇద్దరు వెంటనే గుర్తు చేర్చారు. మూడో అమ్మాయి మాత్రం, "ఆంటీ, పచ్చడి నచ్చి రాశాననుకున్నాను, బేరం అనుకోలేదు," అని జవాబు రాసి లింకును పూర్తిగా తీసేసింది. ఆమెకు క్షమాపణ చెప్పాను. మార్గశిరంలో మూడో అర్జీని నేనే రాశాను. మా వాడు ఇంగ్లీషు దిద్దాడు, అంతే. ఏ నెలలో ఎవరికి ఎంత కట్టానో, బిల్లుల ప్రతులు, పట్టిక, పొట్లాలు పంపిన సంగతి, ఎవరెవరికి పంపానో, అన్నీ దాచకుండా పెట్టాను. నిన్న వచ్చిన మెయిలు దానికి జవాబు.

శిక్ష ఎత్తేస్తే పాత స్థానం దానంతట అదే తిరిగి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ స్థానానికి ఎత్తిన లింకులకే ఇప్పుడు విలువ లేదు. ఈ రోజు పొద్దున చూస్తే "గుంటూరు కారం" మాటకు మూడో పేజీలో ఉన్నాము. "నల్లకారం ఎలా నిల్వ చేయాలి" అన్న ప్రశ్నకు మాత్రం మొదటి పేజీలో ఉన్నాము. అది నేను మధ్యాహ్నాలు కూర్చుని, తేమ తగిలితే ఏమవుతుందో, గాజు సీసా ఎందుకో రాసిన పేజీ. దానికి ఒక వ్యవసాయ కళాశాల విద్యార్థుల సైటు నుంచి లింకు వచ్చింది. ఎవరు పెట్టారో నాకు తెలియదు, నేను అడగలేదు.

మధ్యాహ్నం ఆర్డర్ల జాబితాలో ఆ మూడో అమ్మాయి పేరు కనిపించింది. అరకిలో గోంగూర, పావుకిలో నల్లకారం, డబ్బు ముందే కట్టింది. గమనిక పెట్టెలో, "ఇది కొనుక్కున్నది ఆంటీ, దీని గురించి రాయను," అని ఉంది. పొట్లం నేనే కట్టాను.