90 సెకన్లకే పడిపోతున్న అన్‌బౌండ్: మొత్తానికి దొరికింది

అన్‌బౌండ్ నిలబడింది! రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద సోర్సు నుంచి కంపైల్ చేసి, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను లేపి కాపలా కాసేది) కింద పెట్టిన ఈ డీఎన్ఎస్ సర్వరు (సైట్ల పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పేది) నిన్నటి నుంచి ఆగకుండా నడుస్తోంది. డీఎన్ఎస్‌సెక్ తనిఖీ (జవాబు నకిలీది కాదని సంతకంతో తేల్చుకోవడం), అడ్డుకోవాల్సిన ప్రకటనల డొమైన్ల జాబితా ఏ పేచీ లేకుండా కుదిరాయి.

ఏడిపించింది ఒక్కటే. సర్వీసు మొదలవగానే డిగ్ అనే డీఎన్ఎస్ కమాండుతో అడిగితే చక్కగా జవాబు వచ్చేది: కొత్త పేరుకు 180 మిల్లీసెకన్ల దాకా, కాష్‌లో (దాచుకున్న జవాబుల్లో) ఉన్నదానికి సున్నా. నిమిషంన్నరకు ప్రాసెస్ మాయం. సిస్టమ్‌డీ వెంటనే మళ్లీ లేపేది, కాష్ ఖాళీ, 90 సెకన్లకు మళ్లీ అదే తంతు. రీస్టార్ట్‌ల పరిమితి 10 సెకన్లలో 5 సార్లు కాబట్టి అదీ అడ్డుపడదు.

మెమరీ చాలడం లేదేమో అనుకున్నాను; కెర్నల్ లాగ్‌లో ఆ జాడే లేదు. డీఎన్ఎస్ వాడే 53వ పోర్టు దగ్గర సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌తో (సిస్టమ్‌డీ సొంత డీఎన్ఎస్ సర్వీసు) గొడవేమో అనుకుని దాన్ని ఆపాను, మార్పు లేదు. అప్పుడు కంటపడింది, స్టేటస్‌లో ‘యాక్టివ్’ బదులు ‘యాక్టివేటింగ్’ అని. సర్వరు జవాబులిస్తూనే ఉంది, సిస్టమ్‌డీ లెక్కలో మాత్రం ఇంకా మొదలే కాలేదు. యూనిట్ ఫైలులో (సర్వీసును ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పేది) టైప్ ‘నోటిఫై’. అంటే ‘సిద్ధం’ అని డీమన్ (వెనక నడిచే ప్రోగ్రాం, ఇక్కడ అన్‌బౌండ్) సిస్టమ్‌డీకి కబురు పంపాలి, దానికి డిఫాల్ట్ గడువు 90 సెకన్లు; దాటితే సిస్టమ్‌డీ దాన్ని ఆపేస్తుంది. పరీక్షగా గడువు 30కి తగ్గించాను. సరిగ్గా 30కే పడిపోయింది!

సోర్సు నుంచి కడితే ఈ కబురు పంపే సదుపాయం దానంతటది రాదు. లిబ్‌సిస్టమ్‌డీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ పెట్టి, కాన్ఫిగర్‌కు ‘ఎనేబుల్-సిస్టమ్‌డీ’ ఇచ్చి మళ్లీ కట్టాను. అయినా 90కే పడింది. రెండో ముడి క్రూట్‌లో (ప్రోగ్రాంను ఒకే ఫోల్డరుకు కట్టడి చేసే ఏర్పాటు) ఉంది. సోర్సు బిల్డ్ డిఫాల్ట్‌గా /యూఎస్ఆర్/లోకల్/ఈటీసీ/అన్‌బౌండ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటుంది. కబురు అందుకునే సాకెట్ ఉన్నది /రన్/సిస్టమ్‌డీ/నోటిఫై దగ్గర. లోపలి నుంచి అది కనిపించదు. యూనిట్‌లో ‘బైండ్‌రీడ్‌ఓన్లీపాత్స్’ వరుసతో ఆ సాకెట్‌ను క్రూట్ లోపలికి చూపించగానే సెకను లోపే ‘యాక్టివ్’!

టైప్‌ను ‘సింపుల్’గా మారిస్తే చాలంటారు చాలామంది. నాకు నచ్చదు. అప్పుడు ప్రాసెస్ లేవడమే సిద్ధమైనట్టు లెక్క. దీని మీద ఆధారపడే సర్వీసులు జవాబు రాకముందే పేర్లు అడగడం మొదలుపెడతాయి. ఇంటి రిజాల్వరుకు బైండ్ అనే మరో డీఎన్ఎస్ సర్వరు అనవసర భారం, అన్‌బౌండే సరి.

తర్వాతి పని గడియారం. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఎక్కువసేపు కరెంటు పోయి వస్తే సమయం వెనకబడుతుంది. డీఎన్ఎస్‌సెక్ సంతకాలు ఇంకా అమల్లోకి రానట్టు కనిపిస్తాయి, అన్‌బౌండ్ ఆ జవాబులను తోసిపుచ్చుతుంది. ఎన్టీపీ సర్వరు (నెట్ ద్వారా సరైన సమయం చెప్పేది) చిరునామా దొరకదు. దాంతో సమయమూ సరికాదు. అన్‌బౌండ్ సంతకం కాలవ్యవధిలో 10 శాతం తేడాను సహిస్తుంది, కానీ ఎంతైనా ఒక రోజుకు మించదు. అందుకే డీఎస్3231 అనే బ్యాటరీ గడియారం మాడ్యూల్ పెట్టబోతున్నాను. ఆ తర్వాత ఎస్6, సిస్టమ్‌డీలా సర్వీసులను కాపలా కాసే మరో సాధనం. అందులో ‘సిద్ధం’ అంటే ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌లోకి (ప్రోగ్రాం తెరిచి ఉంచిన రాత మార్గం) రాసే ఒక్క కొత్త వరుస గుర్తే. అన్‌బౌండ్‌కు అది రాదు కాబట్టి ‘ఎస్6-నోటిఫైఆన్‌చెక్’తో డిగ్‌నే తనిఖీగా పెట్టి చూడాలి.