వెండి జోళ్ళు, బంగారు టోపీ

ఆదివారం. భోజనాలయ్యాక పెన్సిల్ పట్టుకుని ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన ‘ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్’ ముందేసుకున్నాను. కథ కోసం కాదు. బంగారం, వెండి కనబడిన ప్రతి చోటా గీత గీయడానికి. ఇది ఉత్త పిల్లల కథ కాదనీ, 1890లనాటి అమెరికా డబ్బు గొడవల్ని మారువేషంలో చెప్పిందనీ ఎవరైనా అన్నప్పుడు మొదట చేయాల్సిన పని ఇదే.

ముందు ఆ గొడవేమిటో. 1873 నాటి నాణేల చట్టంతో జనం తెచ్చిన వెండిని డాలర్లుగా కొట్టివ్వడం అమెరికా టంకశాలలు మానేశాయి. డబ్బుకి కటకట వచ్చింది, పంటల ధరలు పడిపోయాయి, అప్పులున్న రైతు నలిగిపోయాడు. ఒక ఔన్సు బంగారానికి 16 ఔన్సుల వెండి లెక్కన మళ్ళీ కొట్టివ్వాలన్నది వాళ్ళ డిమాండు. బజార్లో అప్పటికి ఆ లెక్క 30 దాకా పోయింది. అంటే దాదాపు రెట్టింపు ధర ఇవ్వమన్నట్టే. (వెండి పతనంలో మన దేశానికీ వాటా ఉంది. 1893 జూన్‌లో ఇక్కడి టంకశాలలు కూడా ప్రజల వెండికి తలుపులు మూసేయగానే దాని ధర ధడాలున కూలింది.) ఈ వెండి నినాదంతోనే విలియం జెన్నింగ్స్ బ్రయన్ 1896లో అధ్యక్ష పదవికి నిలబడి, బంగారం పక్షాన నిలిచిన మెకిన్లీ చేతిలో ఓడాడు. 1900లో మళ్ళీ ఓడాడు. బామ్ పుస్తకం వచ్చింది కూడా 1900లోనే.

1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే హైస్కూలు చరిత్ర మాస్టారు ‘అమెరికన్ క్వార్టర్లీ’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. కథలో డొరతీ అనే పిల్ల ఓజ్ దేశపు మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ వెళ్తుంది. లిటిల్‌ఫీల్డ్ లెక్కలో ఆమెకి తోడొచ్చిన దిష్టిబొమ్మ రైతు, రేకు మనిషి ఫ్యాక్టరీ కార్మికుడు, పిరికి సింహం బ్రయన్. వాళ్ళు నడిచే పసుపు ఇటుకల బాట బంగారం, డొరతీ కాళ్ళకున్న వెండి జోళ్ళు రైతులడిగిన వెండి. ఎంత ముచ్చటగా కుదిరిందో! 1990లో హ్యూ రాకాఫ్ అనే ఆర్థికవేత్త దీన్ని ఇంకొంచెం సాగదీశాడు. ఓజ్ అంటే ఔన్సుకి రాసే పొట్టి గుర్తట. మాంత్రికుడి భవనంలో డొరతీని ఏడు నడవలు దాటించి, మూడు వరసల మెట్లెక్కించి గదికి తీసుకెళ్ళారు కాబట్టి ఏడూ మూడూ పక్కపక్కన పెడితే 73, అంటే 1873 చట్టమట. ఇక్కడికొచ్చేసరికి నవ్వాపుకోవడం కష్టం. అంకెలు వెతికేవాడికి రైలు టైంటేబుల్లో కూడా దొరుకుతాయి.

పరీక్ష పుస్తకం మీదే చేయాలి, సినిమా మీద కాదు. 1939 సినిమాలో వెండి జోళ్ళు కెంపు జోళ్ళయిపోయాయి, రంగుల తెర మీద బాగా మెరుస్తాయని. ఇక పుస్తకంలో, జోళ్ళనీ బాటనీ పక్కనపెట్టి మిగతా గీతలు చూడాలి. పశ్చిమ మంత్రగత్తె దగ్గర బంగారు టోపీ ఉంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు రెక్కల కోతుల్ని మూడుసార్లు పిలవొచ్చు. మంత్రగత్తె దానితో డొరతీని పట్టి తెప్పిస్తుంది. తర్వాత అదే టోపీ డొరతీకి కొండలు దాటిస్తుంది. చివరికి మంచి మంత్రగత్తె గ్లిండా చేతికొచ్చి స్నేహితులందర్నీ ఎవరి చోటికి వాళ్ళని చేరుస్తుంది. బంగారమే విలన్ అయితే ఈ టోపీని ఎక్కడ పెడతాం?

అసలు దెబ్బ పదమూడో అధ్యాయంలో ఉంది. పశ్చిమ మంత్రగత్తె చెర నుంచి విడుదలైన వింకీలనే జనం డొరతీ బృందానికి బహుమతులిస్తారు. సింహానికి బంగారు పట్టెడ. తూలిపడకుండా దిష్టిబొమ్మకి బంగారు పిడి ఉన్న చేతికర్ర. రేకు మనిషికి వెండి నూనె డబ్బా, దాని మీద బంగారు చెక్కడం. అంటే బంగారం వల్ల కుదేలైన రైతు బంగారం ఊతతోనే నిలబడుతున్నాడు, వెండి కోసం పోరాడిన బ్రయన్ మెడలో బంగారం వేసుకుని తిరుగుతున్నాడు. ఈ వాదాన్ని నమ్మేవాళ్ళు ఈ పేజీ మీద ఆగరు.

ఊళ్ళ పేర్లు కూడా ఎదురు తిరుగుతాయి. తనకి మంత్రాలేవీ రావన్న గుట్టు బయటపడ్డాక ఓజ్ మాంత్రికుడు తను పుట్టింది ఒమాహాలో అంటాడు. అది బ్రయన్ సొంత రాష్ట్రం నెబ్రాస్కాలోది. రైతుల పక్షాన పుట్టిన పీపుల్స్ పార్టీ 1892లో తన ప్రణాళిక ప్రకటించిందీ ఆ ఊళ్ళోనే. మోసగాణ్ణి ఏరికోరి అక్కడివాణ్ణి చేయడం ఆ ఉద్యమ అభిమాని చేసే పనేనా?

ఇక రచయిత. 1896లో మెకిన్లీని సమర్థిస్తూ ఒక పత్రికలో పద్యం అచ్చేయించాడు. రాజకీయం కావాలనుకున్నప్పుడు దాచుకోలేదు కూడా: ఇదే కథ 1902లో నాటకంగా ఆడినప్పుడు అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మీద పేరు పెట్టి మరీ హాస్యాలున్నాయి. పుస్తకం ముందుమాటలో మాత్రం పిల్లల సంతోషం కోసమే రాశానన్నాడు. ఆ మాటొక్కటే రుజువు కాదు, రచయితలు ముందుమాటల్లో ఏమైనా అంటారు. నన్ను ఎక్కువగా ఒప్పించేది ఆయన ఉద్యోగం. 1897 నుంచి దుకాణాల అద్దాల బీరువాలు ఎలా అలంకరించాలో చెప్పే ‘ది షో విండో’ పత్రిక నడిపాడు. మాంత్రికుడుండే పచ్చల నగరంలో ప్రతివాడి కళ్ళకీ ఆకుపచ్చ అద్దాలు పెట్టి తాళం వేయడం చూడండి. అది కరెన్సీ సిద్ధాంతం కన్నా సరుకు మెరిసేలా చూపించడం తెలిసినవాడి చమత్కారంలా లేదూ?

లిటిల్‌ఫీల్డ్‌ని తిట్టడం అన్యాయం. ఆయనకి కావాల్సింది పిల్లలకి 1896 ఎన్నికలు గుర్తుండే ఉపాయం. బామ్ ఆ ఉద్యమాన్ని సమర్థించాడనడానికి ఆధారం లేదని 1992లో న్యూయార్క్ టైమ్స్‌కి ఆయనే ఉత్తరం రాశాడు. వ్యాసం పాఠ్యపుస్తకాల దాకా వెళ్ళింది, ఉత్తరం వెళ్ళలేదు. పాఠంగా ఇప్పటికీ పనికొస్తుంది: 16కి 1 లెక్క, 1873, బ్రయన్ ఓటమి ఒక్క గంటలో బుర్రకెక్కుతాయి. కాకపోతే ఇది మాస్టారు అల్లిన పోలిక అని బల్ల మీద పుస్తకం తెరవకముందే చెప్పాలి. గంట కొట్టడానికి పది నిమిషాలుంటే పదమూడో అధ్యాయం చదివించి, దిష్టిబొమ్మకి బంగారు పిడి కర్ర ఎందుకిచ్చారో పిల్లల్నే తేల్చమనాలి.