డిసెంబర్‌లో పుట్టిన పిల్లలు

మెల్‌బోర్న్‌లో మా అక్క కొడుకు ఆడే అండర్-16 ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఈ సీజన్‌లో వెళ్తున్నాను. ఒకే టీమ్‌లో కొందరికి మీసాలొచ్చి భుజాలు విచ్చుకున్నాయి, మావాడు ఇంకా పిల్లాడిలాగే ఉన్నాడు. బంతి ఎటు వస్తుందో ముందే పసిగడతాడు, కానీ ఎవరైనా ఢీకొంటే పడిపోతాడు. బయట నిలబడ్డ పెద్దల మాటలన్నీ ఆ మీసాలవాళ్ల గురించే. నాకు బాధగా ఉంటుంది.

ఈ ఆటలో పెద్ద లీగ్ ఏఎఫ్‌ఎల్. అందులోని క్లబ్‌లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ఆ ఏడాది డిసెంబర్ 31లోపు 18 నిండితే చాలు. అంటే జనవరిలో పుట్టినవాడినీ డిసెంబర్‌లో పుట్టినవాడినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ వయసులో 11 నెలల తేడా అంటే మాటలా!

ఏఎఫ్‌ఎల్ ఆటగాడు మ్యాక్స్ గాన్ పుట్టింది 1991 డిసెంబర్ 30న. 2009 డ్రాఫ్ట్‌లో మెల్‌బోర్న్ క్లబ్ 34వ పిక్‌గా తీసుకునేనాటికి అతనికి ఇంకా 17 ఏళ్లే. రెండు మీటర్లు దాటిన మనిషి, పైగా మోకాలి గాయాలు. గాల్లోకి ఎగిరి బంతిని కొట్టే అలాంటి రక్‌మెన్‌కు ఒళ్లు కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ సీజన్‌లో బాగా ఆడినవాళ్లతో ఎంపికచేసే ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులోకి మొదటిసారి వచ్చింది 2016లో. 2021లో అతని కెప్టెన్సీలోనే క్లబ్ 57 ఏళ్ల తర్వాత ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచింది.

మావాడితో బాగా బరువులెత్తించి త్వరగా కండ పెంచమని అక్కకు ఎవరో చెప్పారట. "తొందరేం లేదక్కా, ఈ ఏడాది కిక్కింగ్ మీదే దృష్టి పెట్టనివ్వు" అన్నాను.