ముక్కుకి బులాకీ, నైటీ మీద తువ్వాలు

కావలిలో మా అమ్మ నైటీ మీద తువ్వాలు కప్పుకుని కూరగాయల బండి దగ్గరికి, పాల ప్యాకెట్‌కి, ఒక్కోసారి మెడికల్ షాపుకి కూడా పోయొస్తుంది, ఎవరూ తలెత్తి చూడరు. నా చిన్నప్పుడు ఇదే నైటీతో గేటు దాకా వస్తే చాలు మా జేజి "ఏందే ఆ గౌను, వీధిలో పరువు తీస్తా ఉండావు" అని కేకలేసేది. మరి దీన్ని ఎప్పుడు ఒప్పుకున్నారంటే ఎవరూ ఒప్పుకోలా, ఎండాకాలం ఉక్కకి తట్టుకోలేక ఒకరి తర్వాత ఒకరు వేసేసుకున్నారు, తువ్వాలు ఒక్కటే రాజీ. పెళ్ళైనాక పంజాబీ డ్రెస్సేంటన్న మా పెద్దమ్మ ఇప్పుడు అందులోనే వాకింగ్‌కి పోతోంది.

ఇదంతా ఎందుకంటే, మేముండేది డల్లాస్‌లో, మా పెద్దదానికి 16, ముక్కు దూలానికి రింగు కుట్టించుకుంటానని పట్టు పట్టింది. సెప్టమ్ అంటారిక్కడ. నాకైతే ఒంగోలు గిత్త ముక్కుతాడే కళ్ళ ముందు కనిపించింది. టెక్సాస్‌లో 18 నిండనోళ్ళకి చెవి తమ్మెలు తప్ప ఇంకేం కుట్టాలన్నా అమ్మానాన్నలు ఒప్పుకోవాలి కాబట్టి పెత్తనం ఇంకా నా చేతిలోనే ఉంది, దాన్ని బాగానే వాడుకున్నా. అయినా ఇట్లాంటి గోల కొత్తదేం కాదు, 1970ల్లో లండన్‌లో పంక్ అనే రాక్ సంగీతం మోజులో పడ్డ పిల్లలు చింపిన బట్టలు, సేఫ్టీ పిన్నులతో జనాన్ని హడలగొట్టారంట, ఆ చిరుగులే ఇప్పుడు నెల్లూరు ట్రంక్ రోడ్డులో కొత్త జీన్స్ కింద అమ్ముతున్నారు, మోకాళ్ళ దగ్గర గుడ్డ లేనందుకు డబ్బులు ఎక్కువ.

సరే, సమ్మర్‌లో ఊరికి తీసుకెళ్ళి అమ్మ చేత నాలుగు చీవాట్లు పెట్టిద్దాం అనుకున్నా. అమ్మ ఏమో తాపీగా "మా అవ్వకి ఉండేదే బులాకీ, ముత్యం వేలాడతా ఉండేది, అన్నం తినేటప్పుడు పక్కకి జరుపుకునేది" అని మొదలుపెట్టింది. కూచిపూడి ప్రోగ్రాంకి క్లిప్పు బులాకీ మీరే పెట్టి ఫొటోలు పంపుతారు, ఇప్పుడు ఏడుపేందీ అని నన్నే తగులుకుంది. అమ్మ అభ్యంతరమల్లా రింగు స్టీలుది కావడం మీదే. "ఇనప ముక్కేందే, కంసాలితో బంగారంది చేయిస్తా" అంటది, ఇది బంగారం వద్దు అమ్మమ్మా బాగోదు అంటది, మధ్యలో నన్ను అడిగినోళ్ళు లేరు.

కానీ "మనోళ్ళూ పెట్టుకునేవాళ్ళు కదా" అన్న మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ ముసలామె అందరికీ ఉంది కాబట్టి పెట్టుకుంది, పెట్టుకోకపోతేనే ఊరు నోరెళ్ళబెట్టేది. ఇది నలుగురిలో వేరుగా కనపడాలని పెట్టుకుంటానంటోంది, రెండూ ఒకటెట్లా అయితాయి? (ఆ మాటకొస్తే దాని క్లాసులో ఇప్పటికే కొందరికి ఉంది, మాకు అకౌంటున్న బ్యాంకులో కౌంటర్ అమ్మాయికీ ఉంది, ఇక వేరు ఏముందో.)

చివరికి నేను దిగొచ్చింది వేరే కారణానికి. గుర్రపు నాడా ఆకారం రింగు అయితే పైకి తిప్పేస్తే ముక్కులోపలికి పోతుంది, స్కూల్లో, గుళ్ళో, నీ ఫ్రెండ్స్ ముందర కనపడదు మమ్మీ అని చూపించింది. అది విని అమ్మ "దాచిపెట్టుకునేదానికి కుట్టించుకోవడం దేనికి" అని ఇంకో రగడ. మానడానికి రెండు నెలలు పట్టొచ్చంట, అందుకని పరీక్షలైపోయాక సంతకం పెడతానన్నా. స్టీలా బంగారమా అనేది వాళ్ళిద్దరూ ఇంకా వీడియో కాల్లో తేల్చుకుంటా ఉన్నారు.