రాతి బొమ్మగా మారే మారియో

నింటెండో సంస్థ 1988లో జపాన్‌లో విడుదల చేసిన సూపర్ మారియో బ్రదర్స్ 3 వీడియో ఆటలో, తనూకీ అనే జంతువును పోలిన దుస్తులు ధరించిన కథానాయకుడు మారియో కింది మీటనూ బీ బటన్‌నూ కలిపి నొక్కగానే ఉన్నపళంగా రాతి విగ్రహమైపోతాడు. ఆ కొద్ది క్షణాలూ శత్రువులు అతణ్ణి ఏమీ చేయలేరు, అతడూ కదలలేడు.

ఆ విగ్రహం జపాన్ దారుల పక్కన కనిపించే జిజో ప్రతిమను తలపిస్తుంది. బాటసారులనూ పసిపిల్లలనూ కాపాడతాడని అక్కడి వారు కొలిచే ఈ జిజో, బౌద్ధ సంప్రదాయంలోని క్షితిగర్భ బోధిసత్త్వుడే. తనూకీ కోరిన రూపం దాల్చి మనుషులను ఏమారుస్తుందని జపాన్ జానపద కథలు చెబుతాయి కాబట్టి, ఆ వేషంలో ఉన్న మారియో రక్షకుడి ప్రతిమగా మారి తనను తాను కాపాడుకోవడం నాకు ఎంతో అందమైన కల్పనగా తోస్తుంది.

పరుగెత్తడం, దూకడం, ఎగరడమే ప్రాణమైన ఆటలో కదలకుండా నిలబడడాన్ని కూడా ఒక శక్తిగా మలచడం రూపకర్తల గొప్పతనమని నా అభిప్రాయం. 2011లో వచ్చిన సూపర్ మారియో 3డి ల్యాండ్‌లోనూ ఈ విగ్రహ రూపం తిరిగి కనిపించినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.